జాజికాయ పాలు

మా అమ్మ ఎవరి ముందైనా నాలుక చాపడం నేను అంతవరకూ చూడలేదు. అమెరికాలో మేముండే పార్సిప్పనీలో, నెయిల్ సెలూన్‌కీ డ్రై క్లీనర్స్‌కీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న షాపులో, నెరిసిన జుట్టు జడేసుకున్న ఒక అమెరికా ఆవిడ ముందు చాపింది. మొదట ఆవిడే తన నాలుక చూపించి, ఇలా అన్నట్టు కళ్లతో సైగ చేసింది. అమ్మ బడిపిల్లలా వెంటనే చాపేసింది. అంతకు వారం ముందే, "ఏదీ, నాలుక చూపించమ్మా, పూత పట్టిందేమో చూస్తాను" అని నేనడిగితే, "పోవే, నువ్వేమన్నా డాక్టరువా?" అని మూతి తిప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ వేసవంతా చల్లారలేదు. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.

అది రెండువేల ఎనిమిది. అమ్మ అమెరికా రావడం అదే మొదటిసారి. విజయవాడలో అన్నయ్యా వదినా ఉద్యోగాలకు వెళ్తే, ఇంటిల్లిపాదికీ వండి, ఇద్దరు మనవళ్లను బడికి తయారు చేసి, మధ్యాహ్నం పప్పులు బాగుచేసి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే మనిషి. "ఇంక చాలమ్మా, ఆర్నెల్లు నా దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చో" అని ఏడాదిపాటు ఫోన్లో బతిమాలి తెప్పించుకున్నాను. మే నెలలో వచ్చింది. అన్నట్టే కూర్చోబెట్టాను కూడా. నేనూ మా ఆయనా ఎనిమిదింటికి ఆఫీసులకు వెళ్లిపోతే, సాయంత్రం ఆరు దాకా ఆమెకు రెండో అంతస్తులో ఒక సోఫా, ఒక టీవీ, ఒక బాల్కనీ. వంట తెల్లవారుజామునే లేచి నేనే చేసేదాన్ని. డబ్బాల్లో సర్ది, "మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టుకో అమ్మా, స్టవ్ జోలికి మాత్రం వెళ్లకు" అని చెప్పి వెళ్లేదాన్ని.

జూన్ సగానికి వచ్చేసరికి అమ్మకు నిద్ర పట్టడం మానేసింది. ఆకలి లేదు. కాళ్లు పీకుతున్నాయంటుంది. పొద్దున నేను లేచి చూసేసరికి సోఫాలో ముడుచుకుని, ఎర్రబడ్డ కళ్లతో బాల్కనీ వైపు చూస్తూ కూర్చుని ఉండేది. డాక్టరుకు చూపిస్తే రక్తపరీక్షలన్నీ నార్మల్ అన్నాడు. ఒక ఆదివారం నాతో కాదు, మా ఆయనతో అంది: "బాబూ, ఆ టికెట్టేదో ముందుకి జరిపించండి. ఈ నెలాఖరుకి వెళ్లిపోతాను."

ఆ మాట ఆయనతో అనడం ఒక దెబ్బ, అసలు అనడం ఇంకో దెబ్బ. ఆర్నెల్లని వచ్చిన మనిషి రెండు నెలలైనా కాకుండా వెళ్లిపోతే దాని అర్థం ఏమిటి? అన్నయ్య ఇంట్లో అంత చాకిరీ చేసి హాయిగా నిద్రపోయిన మనిషి, నా ఇంట్లో పువ్వుల్లో పెట్టి చూసుకుంటే నిద్రపోలేకపోయిందని. వదిన ఏమంటుందో కూడా నాకు వినపడింది. అమ్మను నేనే బాగుచేయాలి, నేనే నిలుపుకోవాలి. ఆ వేసవిలో నాకు కావలసింది ఆ ఒక్కటే.

పైగా వైద్యం నాకు కొత్త కాదు. మా కాంప్లెక్స్‌లో సగం మంది మనవాళ్లే. వాళ్ల పిల్లలు నన్ను కషాయం ఆంటీ అనేవాళ్లు. ముప్పై నాలుగేళ్లకే ఆంటీనైపోయానని పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది. పిల్లాడికి జలుబు చేసిందంటే వాము వేయించి గుడ్డలో మూటగట్టి వాసన చూపించమనేదాన్ని. కడుపుబ్బరమంటే శొంఠి, గొంతు పట్టేసిందంటే మిరియాల పాలు. మా అమ్మమ్మ చేస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవి. పిప్పళ్లూ కరక్కాయలూ వసకొమ్ముతో సహా ఒక స్టీలు పెట్టె నిండా నా సరంజామా ఉండేది. ఎడిసన్‌లో మనవాళ్ల షాపులకి వెళ్లినప్పుడల్లా దాన్ని నింపుకొచ్చేదాన్ని.

అమ్మ దగ్గర ఆ పెట్టె పారలేదు. "గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకో అమ్మా" అంటే "ఎందుకే, పోతాయిలే" అనేది. "రాత్రిపూట పెందలాడే తినేసెయ్" అంటే "ఆకలైతే కదా" అనేది. జాజికాయ అరగదీసి పాలల్లో కలిపి ఇస్తే వాసన చూసి బల్ల మీద పెట్టేసింది. "ఇవన్నీ మా అమ్మ చిట్కాలేనే. నాకు తెలియనివా? మళ్లీ నాకే చెప్తావేంటి?" అంది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. స్టవ్ జోలికి వెళ్లొద్దని చెప్పానన్నాను కదా, దాని కథ వేరే ఉంది.

అమ్మ వచ్చిన మొదటి వారం వంట తనే చేసింది. మూడో రోజున బెండకాయ పులుసు పెట్టింది. మా ఆయన కంచం ఎత్తి అడుగు దాకా ఊడ్చి, "అబ్బ, అత్తయ్యగారూ, పెళ్లయ్యాక మళ్లీ ఇదే పులుసు తినడం" అన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఏడేళ్లుగా నేను పెట్టిందంతా ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నవ్వాను. ఆ నవ్వుకి బుగ్గలు నొప్పెట్టాయి.

ఆ వారం చివర్లో చారుకి తిరగమోత వేస్తుంటే ఎండుమిరపకాయలు మాడి వంటింట్లో పొగ కమ్ముకుంది. మన వైపు అలవాటు ప్రకారం అమ్మ పొగ పోవడానికి వీధి తలుపు బార్లా తీసింది. మా అపార్ట్‌మెంట్ వీధి తలుపు కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. కారిడార్‌లో ఉన్న అలారం మా ఇంటిది కాదు, మొత్తం బిల్డింగ్‌ది. అయిదు నిమిషాల్లో మూడంతస్తుల జనం పార్కింగ్ లాట్‌లో ఉన్నారు. స్నానం మధ్యలో టవల్‌తో వచ్చినవాళ్లున్నారు. రెండు ఫైరింజన్లొచ్చాయి. అమ్మ గరిటె చేత్తోనే పట్టుకుని, నేత చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా నిలబడింది. ఆ పెద్ద టోపీల వాళ్లు మా గిన్నెలోకి తొంగిచూసి నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి లీజు షరతులు గుర్తుచేస్తూ ఒక కాగితం వచ్చింది. దాన్ని అమ్మకు చూపించి, "ఇక్కడ ఇలాగే ఉంటుందమ్మా. నువ్వింక వంట చెయ్యకు" అన్నాను. అమ్మ సరేనంది. అలారం నిజమే, కాగితం నిజమే. కానీ కిటికీ తీసి తలుపు మూసి వండమని ఒక్క మాట చెప్తే సరిపోయేది. నేను చెప్పలేదు. నా వంటిల్లు నాకు తిరిగొచ్చిందని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ షాపు కాగితం తెచ్చింది మా ఆయనే. లాండ్రీ రూమ్‌లో అంటించి ఉందట, చింపుకొచ్చాడు. హోలిస్టిక్ వెల్‌నెస్, మందుల్లేకుండా ఆరోగ్యం అని ఆకుల బొమ్మతో ఉంది. "ఒకసారి ట్రై చేద్దాం, పోయేదేముంది? మన వెనక గేటు పక్కనే" అన్నాడు. ఇంట్లో నేనుండగా ఇదేమిటని నాకు పొడుచుకొచ్చింది. అయినా అమ్మ చెప్పులేసుకోవడానికి లేచింది గనక తీసుకెళ్లాను.

షాపంతా గాజు సీసాలు, ఎండుటాకుల వాసన. ఆవిడకు అరవై ఉంటాయి. చెప్పుల్లేకుండా తిరుగుతోంది. తప్పు పట్టడానికి నేను తయారుగా వెళ్లాను గానీ మొదటి మాటలోనే నా నోరు కట్టేసింది. తను డాక్టరును కానని, జ్వరమొచ్చినా ఛాతీలో నొప్పి వచ్చినా తన దగ్గరికి రావద్దని, తిండీ నిద్రా నడకా మాత్రమే తన పని అని చెప్పింది. తర్వాతి నాలుక సంగతి మీకు ముందే చెప్పాను.

అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. మధ్యలో నేను. ఆవిడ అడగడం, నేను తెలుగులో చెప్పడం, అమ్మ జవాబివ్వడం, నేను ఇంగ్లీషులో అప్పజెప్పడం. ఎప్పుడు లేస్తారు, ఏం తింటారు, ఎప్పుడు నవ్వారు చివరిసారి? అలా పోతూ పోతూ, ఏ పక్కకి తిరిగి పడుకుంటారని అడిగింది.

"కుడి పక్కకే" అంది అమ్మ. కొంగు సర్దుకుంటూ, "మీ నాన్న పోయినప్పట్నించీ ఎడమ పక్కకి తిరగట్లేదే. ఆ పక్కన ఆయన పడుకునేవారుగా. ఖాళీ చూడలేను" అంది.

నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తాను. ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు కూడా నాకు చెప్పలేదు, నా నోటితో ఆవిడకు చెప్పించింది. ఆ మాట నేనే ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. నేను కుర్చీలో కూర్చుని ఆ రెండు చేతుల్నీ చూస్తూ ఉండిపోయాను. ఏడుపు రావలసిన చోట నాకు కుళ్లు వచ్చింది.

ఆవిడ సలహాలు మొదలుపెట్టింది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు. ఎండలో అరగంట నడక. చీకటి పడకముందే భోజనం. ఉప్పువేసిన వేడినీళ్లలో పాదాలు. ఒక్కోటీ నేను పళ్లు బిగించి తెలుగులో చెప్తుంటే అమ్మ బుద్ధిగా తలూపుతోంది. అమ్మా, ఇవి నావి, వారం నుంచీ మొత్తుకుంటున్నవి అని అరవాలనిపించింది.

చివర్లో ఆవిడ అమ్మ అరచేతుల్ని తిరగేసి చూసింది. చూపుడువేలు పక్కన కత్తిపీట గీతలు, బొటనవేలి కింద కాయ. "ఈ చేతులు చాలా పని చేశాయి. ఇప్పుడేం చేస్తున్నాయి?" అంది.

"రెస్ట్ తీసుకుంటోంది" అన్నాను. ఆ ప్రశ్న అమ్మ దాకా పోనివ్వలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు మాట్లాడింది. మీ అమ్మకి మందేం అక్కర్లేదు, మీ కిచెన్ ఆమెకివ్వండి అంది. గరిటె తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పి చూపించింది. పొద్దునపూట మీరు పక్కకి తప్పుకోవాలి అని నన్ను చూపించి, చేత్తో అవతలికి జరిపినట్టు గాలిని తోసింది. రోజంతా చేతులు ఊరికే ఉంటే రాత్రి నిద్ర ఎక్కడ నుంచొస్తుంది అంది. కూతుళ్లకి ఇది కష్టమే, నాకు తెలుసు అని కూడా అంది. ఆ చివరి మాట నన్ను బాగా పొడిచింది. నా ఇంట్లో ఒక్క పూటైనా అడుగుపెట్టని మనిషికి నా వంటింటి సంగతి ఎలా తెలిసిందో. అమ్మ అప్పుడు గోడమీది సీసాల వైపు చూస్తోంది.

"ఏమందే?" అంది అమ్మ.

ఆ క్షణంలో నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. "పడుకోబోయే ముందు పాలల్లో చిటికెడు జాజికాయ కలుపుకుని తాగమంది" అన్నాను.

అది నా జాజికాయ. అమ్మ వాసన చూసి పక్కన పెట్టేసిన జాజికాయ. ఆవిడ పేరు అంటించి మళ్లీ ఇచ్చాను.

అమ్మ నా మొహం ఒకసారి చూసింది. "ఆవిడ చెప్పిందా? అయితే తాగుతానులే" అంది.

ఆ సాయంత్రం నుంచీ తాగింది. నేనే అరగదీసి, కలిపి, గ్లాసు చేతికిచ్చేదాన్ని. వాసన చూడకుండా గుటగుటా తాగి గ్లాసు బోర్లించేది. నేను గెలిచానో ఓడానో నాకు తెలియలేదు. నడక కూడా మొదలుపెట్టింది. చీర మీద నా పాత కెడ్స్ వేసుకుని, వెనక గేటు దాకా వెళ్లొచ్చేది. వారం తిరిగేసరికి ఆకలేస్తోందంది. రెండో వారానికి పొద్దున నేను లేచేసరికి సోఫా ఖాళీగా ఉంది. లోపలికి తొంగిచూస్తే మంచం మీద నోరు తెరుచుకుని గురక పెడుతోంది. ఆ గురక వింటూ గుమ్మంలో నిలబడ్డాను. జాజికాయ పని చేసింది, నా జాజికాయే అని పొంగిపోయాను.

ఆ ఆనందం ఎంతసేపుంది? ఆ ఆదివారమే అన్నయ్యతో ఫోన్లో, "ఆ డాక్టరమ్మ చెయ్యి ఎంత మంచిదిరా! జాజికాయ పాలు తాగమంది, చూడు, పసిపిల్లలా నిద్రపోతున్నా" అంది. నా వైపు ఓరగా చూస్తూ అంది. స్పీకర్ పెట్టి ఉంది. వదిన, "నిజంగానా అత్తయ్యా, అమెరికాలో వాళ్లకి జాజికాయ కూడా తెలుసా?" అని ఆశ్చర్యపోయింది. నేను గ్లాసులు కడుగుతూ మింగలేక కక్కలేక నిలబడ్డాను. నా మందుకి ఆవిడకు పేరు. ఆ పేరు తగిలించింది నేనే.

అక్కడి నుంచి నా బుద్ధి ఇంకా గడ్డితిన్నది. ఆవిడిచ్చిన టీ పొట్లం విప్పి, సోంపూ తులసీ తప్ప అందులో ఏమీ లేవని మా ఆయనకు రుజువు చేశాను. "మంచివే కదా" అన్నాడాయన. ఆవిడ వెబ్‌సైట్‌లో ఫొటో పెద్దది చేసి చూసి జడకి రంగేస్తుందేమోనని వెతికాను. లేదు. అమ్మ మాటిమాటికీ డాక్టరమ్మ అంటుంటే, "డాక్టర్ కాదమ్మా ఆవిడ" అనేదాన్ని. "పోనీలే, మనసు తెలిసిన మనిషి" అనేది. నాకు మనసు తెలియదా? తెలియదని అమ్మ అనలేదు. నేనే అనుకుని నేనే ఉడుక్కున్నాను. ఒకరోజు నేను కూర వడ్డిస్తూ దగ్గరికెళ్తే అమ్మ వేళ్ల నుంచి పుదీనా లాంటి వాసన వచ్చింది. మా ఇంట్లో పుదీనా లేదు. సబ్బు మారిందేమో అనుకున్నాను.

జూలై మూడో వారంలో ఒక శుక్రవారం ఆఫీసులో హాఫ్ డే ఇచ్చారు. అమ్మను ఎక్కడికైనా తీసుకెళ్దామని పన్నెండున్నరకే ఇంటికొచ్చాను. ఇల్లు తాళం వేసి ఉంది. లోపల నేను సర్దిన డబ్బాలు సర్దినట్టే ఉన్నాయి. కాంప్లెక్స్ చుట్టూ ఒక రౌండ్ తిరిగి, స్విమ్మింగ్ పూల్ దగ్గర చూసి, వెనక గేటు దాటి ఆ షాపు ముందుకొచ్చేసరికి, లోపలి నుంచి వాసన తగిలింది. ఆవాలూ, ఎండుమిరపకాయలూ, ఇంగువా. పార్సిప్పనీలో ఆ వీధిలో ఆ తిరగమోత వేసేది ఒక్కరే.

వెనక గదిలో అమ్మ ఉంది. చీర కొంగు బొడ్లో దోపుకుని, చిన్న ఎలక్ట్రిక్ పొయ్యి ముందు నిలబడి, ఆవిడ చేసుకున్న పప్పు సూపులో తిరగమోత వేస్తోంది. వెనక తలుపు ఆరుబయటికి తెరిచి ఉంది. బల్ల మీద ఎండిన పుదీనా కాడల గుట్ట ఒక పక్క, దూసిన ఆకుల గుట్ట ఇంకో పక్క. తిరగమోత చుయ్యిమనగానే ఆవిడ రెండు చేతులతో ముక్కు మూసుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నోరంతా తెరిచి, కళ్లలో నీళ్లొచ్చేలా. నా ఇంటికి వచ్చిన రోజు నుంచీ అమ్మ అలా నవ్వలేదు. ఒక్క మాట కూడా కలవని ఇద్దరు మనుషులు అలా నవ్వుకుంటుంటే, మధ్యలో మాట మోయడానికి నేను అక్కర్లేదు. నాకు కడుపులో కత్తి దింపినట్టయింది. అంతకంటే సున్నితంగా చెప్పడం నాకు చేతకాదు.

ఆవిడ నన్ను చూసి సంతోషంగా లేచింది. మీ అమ్మగారు మూడు వారాలుగా రోజూ వచ్చి ఆకులు దూసిపెడుతున్నారు, వద్దన్నా వినరు అంది. తర్వాత, "మీ కిచెన్ ఎలా ఉంది? పొద్దునపూట ఇచ్చేశారా?" అని అడిగింది.

"ఆ, ఇచ్చేశాను" అన్నాను. అమ్మ గరిటె కడుగుతూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇద్దరం పార్కింగ్ లాట్‌లో నడుచుకుంటూ వస్తున్నాం. ఎండ మాడ్చేస్తోంది. నేను ఆగలేకపోయాను.

"నాకు చెప్పకుండా వెళ్తావా అమ్మా? డబ్బాలు అలాగే ఉన్నాయి. అక్కడికెళ్లి ఊరూ పేరూ తెలియని ఆవిడకి వండిపెడతావా? నేను పొద్దున్నే లేచి చేసింది తినబుద్ధి కాదు గానీ!"

"వండలేదే. తిరగమోతేశాను" అంది అమ్మ.

"అదే! ఇంట్లో చెయ్యని పని అక్కడ ఎందుకు చేస్తున్నావ్?"

"ఇంట్లో నువ్వొద్దన్నావుగా. నీ ఇల్లు. నువ్వొద్దన్నాక నేనెలా ముట్టుకుంటాను?"

అమ్మ ఒక కారు నీడ చూసి అందులో ఆగింది. మొహం తుడుచుకుంది.

"ఆవిడ మొదటి రోజే చెప్పింది కదే. కిచెన్ అంటే నాకు తెలియదా? మీ వదిన పొద్దుగూకులూ ఆ మాటే అంటుంది. నన్ను చూపించి గరిటె తిప్పింది. నిన్ను చూపించి పక్కకి జరగమంది. అంతసేపు మాట్లాడింది. ఏమందే అని నేనడిగితే నువ్వు ఒక్క జాజికాయ అన్నావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"నువ్వే చెప్తావని చూశాను."

"అన్నయ్యతో డాక్టరమ్మ చెప్పిందన్నావు మరి?"

"అప్పటికైనా, కాదమ్మా, అది నేను చెప్పిందే అంటావేమోనని."

"ఆ పాలు ఎందుకు తాగావమ్మా? నీకు ఆ వాసనే పడదు."

"నువ్వు కలిపి ఇచ్చావుగా" అంది. అదేదో పెద్ద విషయం కానట్టు, నడక మళ్లీ మొదలుపెట్టింది.

నేను వెనకే వెళ్లాను. మెట్ల దగ్గర అడిగాను, దానితోనైనా నిద్ర పట్టిందా అని. అమ్మ రెయిలింగ్ పట్టుకుని నవ్వింది. "పిచ్చిదానా. ఆ మొదటి వారమంతా తాగానా, కన్ను మూతపడలేదు. ఆకులు దూయడం మొదలెట్టాక పట్టింది."

మరునాడు శనివారం. పొద్దున లేచి నేను స్టవ్ దగ్గరికి వెళ్లలేదు. రాసినంత తేలిక కాదది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా ఇంట్లో అన్నాళ్లూ అమ్మ చేతులు ఎలా ఉండుంటాయో అప్పుడు తెలిసింది. అమ్మ వచ్చి వంటింట్లోకి చూసి, నన్ను చూసి, "ఏం చేద్దామే?" అంది. "నీ ఇష్టమమ్మా" అన్నాను. ఆ రెండు మాటలు బయటికి రావడానికి నేను చాలా బలం వాడాను. ఉప్పు ఎక్కడుందో చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆమే వెతుక్కుంది.

కిటికీలన్నీ తెరిచాను. వీధి తలుపుకి గొళ్లెం పెట్టాను. ఇంట్లో ఉన్న అలారం కింద కుర్చీ వేసుకుని ఎక్కి, పెద్ద టవల్ ఒకటి తీసుకుని, పొగ దాని దగ్గరికి రాకుండా ఊపడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో ఇక నా ఉద్యోగం అదే అనుకున్నాను. మా ఆయన లేచి వచ్చి ఏమీ అడగకుండా కంచం పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ బెండకాయ పులుసు వేసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ పులుసంటే" అన్నాడు. "అత్తయ్యగారూ, ఇంతకీ ఆ టికెట్ సంగతేం చెయ్యమన్నారు?"

"నవంబరుదేగా బాబూ, అలాగే ఉండనివ్వండి" అంది అమ్మ.

కుర్చీ మీద నాకు మొదటిసారి పులుసు రోజు మండినట్టే కడుపు భగ్గున మండింది. ఏమాత్రం తగ్గలేదు. టవల్ మాత్రం ఆపలేదు. అమ్మ చారుకి మూకుడు పెట్టి నా వైపు తలెత్తి చూసింది.

"చేతులు నొప్పెడుతున్నాయా?"

"లేదమ్మా."

"అయితే ఇంకాస్త గట్టిగా ఊపు. మిరపకాయలు వేస్తున్నా."